మూడు పాడులు, ఒక మట్టిబిళ్ల

గత వారం పోస్టులో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. నా ఉద్యోగమంతా ధారపోసిన వృత్తిపదాల నిఘంటువుకు రెండో ముద్రణ అది. అట్ట కొత్తది, కాగితం మేలురకం, ముందుమాటలు పెరిగాయి. కాఫీ పక్కన పెట్టి నేరుగా ‘ప’ దగ్గరికి వెళ్లాను. ‘పాడు’ అనే మాట దగ్గర మొదటి ముద్రణలో ఉన్న తప్పు అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. దిద్దమని నేను రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. పరిశీలిస్తామని మాటవరసకైనా ఎవరూ అనలేదు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు రోజూ డైరీ రాసే అలవాటుంది. ముందు వాతావరణం, తర్వాత వెళ్లిన ఊరు, కలిసిన మనుషులు, చివర కొత్తగా విన్న మాటలు. ఎప్పుడూ ఇదే వరస. ఆ రోజు వరస తప్పింది. ఎండో వానో రాయకుండా తిట్లతో మొదలుపెట్టాను. మరుసటి రోజు చదువుకుంటే, ఇది నా అలమరలో ఉండిపోవాల్సిన సంగతి కాదనిపించింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాల్సిన సంగతి.

మేం చీటీల మీద రాశాం, మీరు కంప్యూటర్లలో రాస్తారు. అంతకు మించి తేడా ఏమీ లేదు. మేం ఆఫీసులో కూర్చుని రాసిన ఒక తప్పుడు అర్థం వల్ల, పులికాట్ సరస్సు ఒడ్డున పోలమ్మ అనే ఆమె చేపల వేటలో తన వంతు పోగొట్టుకునేదాకా వచ్చింది. ఆ కథ చెప్పాలంటే ముందు పని ఎలా జరిగేదో చెప్పాలి.

ఎవరి చేతిలో ఉంటుంది

మా పని తిరగడం. వడ్రంగులు, నేతగాళ్లు, రైతులు, జాలర్లు తమ పనిలో వాడే మాటల్ని వాళ్ల నోటి నుంచి విని, ఒక్కో మాటకు ఒక్కో చీటీ రాసి, నెల్లూరు ఆఫీసులో అక్షర క్రమంలో పెట్టెల్లో వేయాలి. ఈ పని నాకు నేర్పింది దానియేలు గారు. నాకంటే చాలా ముందు నుంచీ ఊళ్లు తిరుగుతున్న సీనియర్.

కావలి దగ్గర ఒక రైతు ఇంటి వసారాలో కూర్చుని విత్తనాలు దాచే పద్ధతి రాసుకుంటున్నాను. ఆ రైతు గడగడా చెబుతున్నాడు, నేను గబగబా రాస్తున్నాను. దానియేలు గారు నా పెన్ను పట్టుకుని ఆపారు.

"ఆ బుట్టకు పూసే బూడిద ఏ కట్టెదో అడుగమ్మాయ్."

అడిగాను. రైతు తల గోక్కున్నాడు. "అదా... అది మా ఇంటామెకే తెలియాల."

లోపలి నుంచి నవ్వు వినిపించింది. "ఇంతసేపూ ఆయన చెప్పిందంతా రాసుకున్నావామ్మా? అయితే కొట్టెయ్. ఆయన ఆ బుట్టను ఒక్కనాడన్నా ముట్టుకున్న పాపాన పోలేదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో దానియేలు గారు అన్నారు: "మాట ఎవరు బాగా చెబుతారో వాళ్ల దగ్గరికి పోవద్దు. ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కుని వాళ్ల దగ్గరికి పో." నా ఉద్యోగం మొత్తంలో పనికొచ్చిన మాట ఇదొక్కటే. మిగిలిన శిక్షణ తరగతుల్లో మంచి భోజనాలు పెట్టారు.

ఏనుగు లాంటి మబ్బు

దానియేలు గారు రిటైరయ్యాక మాకు కొత్త ప్రధాన సంపాదకులు వచ్చారు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. సంస్కృతం బాగా వచ్చు, తెలుగు పద్యం బాగా చదువుతారు, ఉపన్యాసానికి జనం వస్తారు. సముద్రం ఒడ్డుకు మాత్రం ఒక్కసారీ రాలేదు. చెప్పుల్లో ఇసుక పడుతుందనేవారు.

ఆయన పెట్టిన నియమం ఒకటే. అక్షరాలు ఒకటైతే మాట ఒకటే. రెండు చీటీల మీద ఒకే అక్షరాలు కనిపిస్తే రెంటినీ కలిపి గుండుసూది గుచ్చాలి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందని సందేహం వస్తే సంస్కృతం వైపే తీర్పు.

విడవలూరు వైపు జాలర్ల దగ్గర నేను ‘కరిమబ్బు’ అనే మాట రాసుకొచ్చాను. ఆ మబ్బు పడితే పడవలు నీళ్లలోకి దించరు. కరి అంటే నలుపు, అచ్చ తెలుగు మాట. పెద్దసారు నా చీటీ కింద ఎర్ర ఇంకుతో రాశారు: "కరి అనగా ఏనుగు, సంస్కృతం. ఏనుగును పోలిన మబ్బు."

"సార్, ఆ కరి వేరు, ఈ కరి వేరు," అన్నాను.

"అక్షరాలు వేరా?"

"అక్షరాలు ఒకటే సార్. పుట్టుక వేరు."

"పుట్టుకలు చూడ్డానికి నేనున్నాను గదమ్మా. నువ్వు చీటీలు చూసుకో."

మళ్లీ విడవలూరు వైపు వెళ్లినప్పుడు ఆ అర్థం వాళ్లకు చదివి వినిపించాను. ఒకాయన వల బాగుచేసుకుంటూ తల ఎత్తి చూశాడు. "ఏనుగా? ఈ ఇసకలో మేం ఏనుగును యాడ చూసినాం మేడం? మీ సారుకు కనబడిందేమో, ఎండలో తిరిగి." పక్కనే చేపలు ఎండబెడుతున్న ఆమె అందుకుంది. "ఆయన ఎండలో తిరిగుంటే ఈ తిప్పలెందుకన్నా! మా వీధిలో ఇద్దరు సుబ్బమ్మలుండారు. పేరు ఒకటేనని ఇద్దర్నీ ఒక మొగుడికి కట్టేస్తాడా ఏంది మీ సారు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు. ఆ మబ్బు ఇప్పటికీ పుస్తకంలో ఏనుగుగానే ఉంది.

ఈ సంగతి మీకు రోజూ ఎదురవుతుంది. కొన్ని మాటలు ఒకే చోట పుట్టి, వేరే భాషల్లోకి వెళ్లి వేరే అర్థం తెచ్చుకున్నాయి. మనకు శిక్ష అంటే దండన, హిందీవాళ్లకు చదువు. మనకు అవసరం అంటే కావలసినది, తమిళంలో తొందర. ఇవి ఒకే తల్లి పిల్లలు, వేరే ఊళ్లలో పెరిగారు. కానీ కొన్ని మాటలకు ఏ చుట్టరికమూ లేదు. దారిలో కలిసిన ఇద్దరు ఒకే రంగు చొక్కా వేసుకున్నట్టు అక్షరాలు కలిశాయి, అంతే. మొదటి రకాన్నీ రెండో రకాన్నీ విడదీయడమే మన పనిలో సగం. తెలియకపోతే తెలియదని రాయండి. జాలర్లు ‘అలివి వల’ అంటారు. ఒడ్డు మీద నిలబడి చాలామంది కలిసి లాగే పెద్ద వల అది. ఆ అలివి ఎక్కడి మాటో నాకు ఇప్పటికీ తెలియదు. చీటీ మీద తెలియదనే రాశాను. పెద్దసారు దాన్ని కొట్టేసి "అలవికానంత పెద్దది" అని రాశారు. తెలియదని ఒప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. చదువుకున్నవాడి బద్ధకాల్లో ఇంతకంటే చెడ్డది నేను చూడలేదు.

మూడు పాడులు

ఇక పాడు సంగతి. తెలుగులో పాడు అంటే చెడిపోవడం. పాడుబడిన ఇల్లు, పాడైన మందు. దీనికి తమిళంలో ‘పాళ్’ అనే మాట చుట్టం. రెండోది పాట పాడు. మూడోది పులికాట్ ఒడ్డు ఊళ్లలో జాలర్ల నోట వినిపించే పాడు. అది తమిళం నుంచి వచ్చిన మాట. పడడం నుంచి పుట్టిందని, వంతు పడడమని నేను అర్థం చేసుకున్నాను. చెడిపోవడంతో దానికి ఏ సంబంధమూ లేదు.

నేను వెళ్లిన ఊళ్లో పాడు అంటే ఇది. సరస్సులో రొయ్యలు బాగా పడే తావులు కొన్నే ఉంటాయి. అందరూ అక్కడికే పోతే తన్నుకుంటారు. అందుకని ఏ తావులో ఎవరు ఎప్పుడు వల వేయాలో ఊరంతా కూర్చుని వంతులు వేసుకుంటారు. ఒక్కో ఇంటికి ఒక్కో మట్టిబిళ్ల ఉంటుంది. కాల్చిన మట్టి, మీద ఆ ఇంటి గుర్తు. చేపముల్లు, నెలవంక, రెండు గీతలు, ఇలాంటివి. బిళ్లలన్నీ ఒక తాటాకు బుట్టలో వేస్తారు. ఊరి పెద్ద కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తీస్తాడు. ఎవరి బిళ్ల ఏ వరసలో వస్తే వాళ్లకు ఆ తావు. ఒక కట్టడి ఉంది. బుట్టలో పడిన బిళ్లను ఊరి పెద్ద తప్ప ఎవరూ బయటికి తీయకూడదు. తీస్తే మొత్తం వంతులు చెల్లవు, ఆ విడత ఊరు ఊరంతా వల ఎత్తి పెట్టాలి.

ఇదంతా ఊరి పెద్ద గోవిందు, ఇంకా నలుగురు మగవాళ్లు చెప్పారు. పాడు ఎవరికి ఉంటుందని అడిగితే, "పెళ్లయిన మొగోడికి, మా ఊళ్లో ఉండేవోడికి," అన్నారు. చీటీ రాసుకున్నాను. అప్పుడు దానియేలు గారి మాట గుర్తొచ్చి అడిగాను: "ఆ బిళ్ల ఇంట్లో ఎక్కడుంటుంది?"

గోవిందు నవ్వాడు. "అది ఆడోళ్లనడగాల."

అడగడానికి వెళ్తే మొదటి ఇల్లు పోలమ్మది. భర్త చనిపోయి అప్పటికే కొంతకాలమైంది. పొయ్యి మీది చెక్క అరలో, ఉప్పు కుండ వెనక నుంచి బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. నెలవంక గుర్తు. పొగకు నల్లబడి ఉంది.

"మొగోళ్లు నీళ్లలో ఉంటారు గదమ్మా. బిళ్ల తడవకూడదు. అందుకని మా కాడ ఉంటది. బుట్టలో వేసేది కూడా మేమే. వాళ్లు తీసేది చూస్తారు, మేము వేసేది ఎవురూ చూడరు."

"మీ ఆయన లేడు కదా, మీ వంతు ఇప్పుడెలా?"

"ఎట్లేంది? బిళ్ల వేస్తాను, నా తమ్ముడు వచ్చి వల వేస్తాడు. మా అత్త కూడా ముండమోసినాక అట్నే చేసింది. బిళ్ల ఉన్న ఇంటికి పాడు ఉన్నట్టే."

మరో మూడు ఇళ్లలో అడిగాను. అదే మాట. గోవిందునూ మళ్లీ అడిగాను. "అవును, పోలమ్మది జరుగుతా ఉండాది గదా," అన్నాడు, అదేదో కొత్త ప్రశ్న అయినట్టు. వాళ్లు నియమం చెప్పినప్పుడు మగవాడన్నారు. చేసేటప్పుడు బిళ్ల చూశారు. నియమంగా చెప్పేది ఒకటి, చేసేది ఒకటి. రెండూ రాయాలి. రెండు చీటీలూ రాసి ఇచ్చాను.

అచ్చు ప్రతులు వచ్చినప్పుడు చూస్తే పాడు కింద మొదటి అర్థం చెడిపోవడం. దానికిందే రెండో అర్థంగా ఇలా ఉంది: "జాలరులు వేటాడు హీనమైన జలభాగము, అందు వివాహితుడైన పురుషునకు మాత్రమే గల వంతు." నా రెండో చీటీ ఎక్కడా లేదు.

నేరుగా ఆయన గదిలోకి వెళ్లాను.

"సార్, హీనమైన అని ఎలా రాశారు? ఊళ్లో అన్నిటికంటే మంచి నీళ్లు అవి."

"పాడు అంటే హీనమే కదా తల్లీ."

"ఆ పాడు ఇది కాదు. సరే, పోలమ్మ చీటీ ఏమైంది?"

"ఆవిడ వేటకు వెళ్తుందా?"

"వెళ్లదు."

"వేటకు వెళ్లనివాళ్లు వేటమాటకు ప్రమాణం ఎలా అవుతారు? ‘మాత్రమే’ అని నేనే చేర్చాను. అర్థం బిగుతుగా ఉండాలి."

"మీరు సరస్సు చూశారా సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది నిఘంటువమ్మా. విహారయాత్ర కాదు."

ఆ ‘మాత్రమే’ ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఒక్క నోట కూడా ఆ మాట రాలేదు. అర్థం బిగుతు కావడానికి ఒక మనిషిని బయటికి నెట్టారు. రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాను. పుస్తకం అలాగే అచ్చయింది. ఆవిష్కరణ సభలో ఆయనకు శాలువా కప్పారు. నాకూ ఒకటి కప్పారు. దాని మడత ఇప్పటిదాకా విప్పలేదు.

పుస్తకం ఊళ్లోకి వచ్చింది

రిటైరయ్యాక, ఈ రెండో ముద్రణకు ముందే, ఒక ఉదయం పోలమ్మ ఫోన్ చేసింది. నా నంబరు ఆమె దగ్గర ఉందని కూడా నేను మరిచిపోయాను.

"మేడం, మీ పుస్తకంలో నా పాడు తీసేసినారంట గదా?"

సంగతి ఇది. పోలమ్మ మరిది కోటయ్యకు వదిన వంతు మీద కన్నుంది. ఎవరో ఆ పేజీ ఫొటో తీసి అతని ఫోన్‌కు పంపారు. అతను దాన్ని ఊరందరికీ చూపిస్తున్నాడు. అచ్చులో ఉంది, మగవాడికి మాత్రమే, ఈసారి వదిన బిళ్ల వేయకూడదు. ఒకసారి బుట్టలో బిళ్ల పడకపోతే ఆ ఇంటి వంతు తెగి దగ్గరి దాయాదికి పోతుంది, మళ్లీ రాదు. వంతులు వేసేది ఆ వారంలోనే. ఆ వంతు మీదే ఆమె ఇల్లు నడుస్తోంది.

ఫోన్ చెవి దగ్గర ఉండగానే చెప్పుల కోసం వెతికాను.

"నేనొచ్చి చెబుతాను పోలమ్మా. ఆ పుస్తకం తప్పని చెబుతాను."

"చెప్పండి మేడం. గట్టిగా చెప్పండి. మీకు కోపమొస్తే గొంతు బాగా లేస్తది, నేను చూసినా. మీరు రండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

నాయుడుపేటలో బస్సు మారి, ఆటోలో ఊరు చేరాను. రేవు పక్కన ఇసుకలో ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో బుట్ట, దాని వెనక గోవిందు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బిళ్ల వేసి పోతున్నారు. పోలమ్మ దూరంగా కొంగు నడుముకు బిగించి నిలబడింది. కోటయ్య ఆమెకూ బుట్టకూ మధ్యలో నిలబడి ఉన్నాడు.

నన్ను చూడగానే అతను ఫోన్ ఎత్తి నా దగ్గరికి వచ్చాడు. "మీరే వచ్చినారు, మంచిదైంది. ఇది మీ పుస్తకమా కాదా?"

"నా పుస్తకమే. అందుకే చెబుతున్నాను, అది తప్పు."

"అచ్చేసింది తప్పెట్టయితది మేడం? గవర్నమెంటోళ్లు ఊరికే వేస్తారా?"

"ఊరికే వేశారయ్యా! ఇక్కడికి ఒక్కరోజు కూడా రాని మనిషి వేశాడు. ‘మాత్రమే’ అని మీలో ఎవరైనా చెప్పారా? గోవిందన్నా, నువ్వు చెప్పావా?"

"నేను ఆ మాట అనలా," అన్నాడు గోవిందు.

"పెళ్లయిన మొగోడని అన్నావు గదా మామా!" అని కోటయ్య అటు తిరిగాడు. "అంటే ఏంది? ఆడది కాదని గదా!"

ఆ మాటతో నా గొంతు నిజంగానే లేచింది. ఏమేం అన్నానో మొత్తం గుర్తు లేదు. ఫోన్ అతని చేతిలోంచి లాక్కుని ఆ పేజీ పైకి చదివాను. "హీనమైన జలభాగము! విన్నారా? మీ రొయ్యల తావులు చెడిపోయిన నీళ్లని రాసి ఉంది ఇక్కడ. దీని కింద మాట నిజమైతే దీని పై మాటా నిజమే. ఒప్పుకుంటారా?"

ఊరంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో అరిచారు. "కోటయ్యన్నా, చెడిపోయిన నీళ్లకు ఇంత కొట్లాటెందుకు? వదిలెయ్, మేం వేసుకుంటాం!"

"అది వేరే పాడు, ఇది వేరే పాడు!" అని కోటయ్య కేక పెట్టాడు.

పెద్దసారుకు నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట అది. ఇతనికి అరక్షణంలో తెలిసింది, తన నీళ్లు కాబట్టి. నేను ఇంకా ఏదో అనబోతున్నాను. అతను నా మీదికి వేలు చూపిస్తూ ఏదో అంటున్నాడు. జనమంతా మమ్మల్నే చూస్తున్నారు.

బుట్టలో టక్కుమని చప్పుడైంది.

అందరూ అటు తిరిగారు. పోలమ్మ బుట్ట పక్కన నిలబడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటోంది.

కోటయ్య బుట్ట వైపు ఉరికాడు. గోవిందు బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "తియ్యి. తీసి చూడు. ఊరంతా వల ఎత్తి పెట్టాల్సి వస్తది. మీ ఇంట్లో పొయ్యి కూడా ఆరిపోద్ది. తీస్తావా?"

కోటయ్య నిలబడిపోయాడు. ఇసుకలో కూర్చున్నవాళ్లలో నవ్వేవాళ్లు లేరిప్పుడు. అందరూ అతని చేతినే చూస్తున్నారు. అతను ఆ చేతిని జేబులో పెట్టుకుని వెళ్లి తన చోట కూర్చున్నాడు. గోవిందు కళ్లు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టాడు.

నెలవంక బిళ్ల మంచి తావుకే వచ్చింది.

వంతులు అయిపోయాక పోలమ్మ నాకు బస్సుకు టైమవుతుందని రోడ్డు దాకా తోడొచ్చింది. నాకు కోపం ఇంకా దిగలేదు. నడుస్తూనే పెద్దసారును తిడుతున్నాను, అచ్చేసినవాళ్లను తిడుతున్నాను.

"పోనీ మేడం, ఈసారి పుస్తకమేసేటప్పుడు ఇవాళ జరిగింది రాయండి," అంది.

"రాస్తాను. మళ్లీ కొట్టేస్తారు."

"కొట్టెయ్యనీండి," అని పోలమ్మ కొంగుముడి విప్పి, గోవిందు తిరిగి ఇచ్చిన బిళ్లను నాకు చూపించింది. "ఇది నా కాడ ఉండాది గదా."